కుక్కకు, పిల్లికి ఒంట్లో బాగోలేకపోతే: చేయవలసినవి - చేయకూడనివి

కుక్కలు నొప్పిని దాచుకుంటాయి. పిల్లులు మరీను. జబ్బు మన కంటపడేసరికి అప్పటికే ముదిరి ఉంటుంది. ఆపైన చేటు చేసేవి రెండు: రేపు చూద్దాంలే అనుకోవడం, ఇంట్లో ఉన్న మాత్ర వేసేయడం. ఈ సూచనలు ముఖ్యంగా ఆ రెండింటినీ ఆపడానికే. చదివి వదిలేయకండి, ఇంట్లో అందరికీ చెప్పండి.

చేయవలసినవి

• రోజుకొకసారి తల నుంచి తోక దాకా చేత్తో తడిమి చూడండి. గడ్డలు, పుళ్లు, పిడుదులు కంటికన్నా ముందు చేతికే తగులుతాయి.

• బాగున్నప్పుడే పైపెదవి ఎత్తి చిగుళ్లు చూసి పెట్టుకోండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి.

• చిగుళ్లు పాలిపోయినా, పచ్చబడినా అదే రోజు డాక్టరుకు చూపించండి. నీలంగా మారితే ఆ నిమిషమే బయల్దేరండి, ఊపిరి అందడం లేదని అర్థం. పుట్టుకతోనే నల్ల చిగుళ్లున్న కుక్కకు కింది కనురెప్ప లోపలి పొర చూడండి.

• నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ కదలికలను ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 దాటుతూ ఉంటే గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించండి.

• పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క రొప్పడం మామూలే, పిల్లి రొప్పడం మామూలు కాదు.

• వాటికోసమే ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. కొనకు వాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వాటికి మామూలు వేడి. 103 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి, 105 దాటితే ప్రాణాపాయంగా భావించండి.

• నెలకోసారి బరువు చూడండి. ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి. తిండి సరిగ్గా తింటూనే బరువు తగ్గడం జబ్బుకు గుర్తు.

• నీళ్ల గిన్నె ఎన్నిసార్లు నింపుతున్నారో గమనించండి. దాహం ఉన్నట్టుండి పెరిగితే కిడ్నీ, షుగర్ పరీక్షలు చేయించండి.

• దగ్గు, కుంటడం, ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రి బల్ల ఎక్కగానే చాలా కుక్కలు ఏమీ లేనట్టే నిలబడతాయి.

• కుక్కపిల్లలకు, పిల్లిపిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టించండి. 16 వారాలు వచ్చేదాకా 3, 4 వారాలకోసారి వేయించండి. ఆ తర్వాతి బూస్టర్ల తేదీలు డాక్టరు చేత కార్డులో రాయించుకోండి.

• 3 నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. గడప దాటని పిల్లికి కూడా వేయించండి.

• నులిపురుగుల మందు 2 వారాల వయసు నుంచే ఇప్పించండి. 3 నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, 6 నెలలు వచ్చేదాకా నెలకోసారి, తర్వాత 3 నెలలకోసారి. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

• కుక్కపిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలైతే పార్వో వైరస్ జబ్బు అనుకుని గంటల్లో ఆసుపత్రికి చేర్చండి. ముందుగా ఫోన్ చేసి చెప్పండి, అక్కడున్న మిగతా పిల్లలకు అంటకూడదు.

• పార్వో వచ్చిన ఇంట్లో నేలను ముందు సబ్బుతో కడగండి. తర్వాత ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు నేలను తడిగా ఉంచండి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకాలు పూర్తికాని మరో పిల్లను ఆ ఇంటికి తేవద్దు.

మన ప్రాంతంలో కుక్కలను ఎక్కువగా పీడించేవి పిడుదులు. కొందరు గోమార్లంటారు. వీటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

• వేళ్ల సందులు, చెవి లోపలి మడతలు, మెడపట్టీ కింద, తోక మొదలు రోజూ వెతకండి.

• సన్నమూతి ట్వీజరుతో పిడుదును చర్మానికి ఆనుకుని పట్టి, తిప్పకుండా నేరుగా లాగండి. స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టండి.

• కుక్కతో పాటు ఇంటికీ మందు కొట్టించండి. నెత్తురు తాగిన పిడుదు కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక గుడ్లు పెడుతుంది. మందు కొట్టేటప్పుడు జంతువులను, చంటిపిల్లలను బయట ఉంచండి.

• జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి నెత్తురు, పొట్ట మీద ఎర్రటి చుక్కలు: వీటిలో ఏది కనిపించినా రక్తపరీక్ష చేయించండి. పిడుదు జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. నెల క్రితం పిడుదులు తీసేశామని ధీమా పడవద్దు, జ్వరం ఆ తర్వాతైనా రావచ్చు.

• ఇక మిగతా జాగ్రత్తలు. ఎండాకాలం కుక్కను తెల్లవారుజామునో, నేల చల్లారిన తర్వాతో తిప్పండి. అరచేతి వెనక భాగం తారురోడ్డు మీద 5 సెకన్లు ఆనించలేకపోతే కుక్కను ఆ రోడ్డు మీద నడిపించకండి.

• పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడిముక్కు జాతులను మధ్యాహ్నం చల్లని గదిలోనే ఉంచండి. వాటికి రొప్పినా ఒంటి వేడి సరిగా దిగదు.

• వడదెబ్బ తగిలితే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టండి. కాస్త చల్లబరిచి, దారిలోనూ తడుపుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి నడిచినా చూపించండి, లోపలి అవయవాలకు దెబ్బ తర్వాత బయటపడుతుంది.

• వానాకాలంలో రాత్రి గిన్నెలు ఖాళీ చేసి బోర్లించండి. తిండికి ఎలుకలు వస్తాయి, వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్క కళ్లు పచ్చబడితే దాని మూత్రాన్ని గ్లవ్స్ వేసుకుని శుభ్రం చేయండి, ఈ జబ్బు మనుషులకూ అంటుతుంది.

• మగపిల్లి ఇసుక తొట్టెను కనిపెట్టి ఉండండి. మాటిమాటికీ ఎక్కి కూర్చుంటుంది, నడుము వంచి ముక్కుతుంది, ఒకటి రెండు చుక్కలు పడతాయి లేదా ఏమీ పడవు, దిగి మూత్రద్వారం నాక్కుంటుంది. చూసేవాళ్లు మలబద్ధకమనుకుంటారు. మూత్రం అడ్డుపడిందేమోనని అనుమానించి అర్ధరాత్రయినా డాక్టరును లేపండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

• జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, వాంతికి డోకుతూ ఏమీ కక్కలేకపోతుంటే వెంటనే పరుగెత్తండి. కడుపు మెలిపడి ఉండవచ్చు, కొన్ని గంటలే వ్యవధి.

• ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన ఒకటి రెండు నెలల్లో నీళ్లు ఎక్కువ తాగుతూ నీరసపడితే గర్భాశయంలో చీము పట్టిందేమో స్కాన్ చేయించండి. చీము బయటికి కారకపోతే ఇంకా ప్రమాదం. పిల్లలు వద్దనుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ముందే చేయించండి.

• ఫిట్స్ వచ్చినప్పుడు చుట్టుపక్కల వస్తువులు జరిపి, లైటు తగ్గించి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• విషం తిన్నదనిపిస్తే డబ్బా, ప్యాకెట్, మిగిలిన మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. ఎలుకల మందు పేరు తెలిస్తే చికిత్స సూటిగా మొదలవుతుంది.

• పాము కరిస్తే నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి. విషానికి విరుగుడు సూది ఆ ఆసుపత్రిలో ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి.

• కుక్కగాని, పిల్లిగాని మిమ్మల్ని కరిచినా, గీరినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆ రోజే ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ గురించి అడగండి.

• వీధికుక్క మీ కుక్కను కరిస్తే, అంతకుముందు టీకా ఉన్నా డాక్టరుకు చూపించండి.

• రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఫోన్ నంబరు ఈ రోజే కనుక్కుని తలుపు వెనక అతికించండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు దగ్గర్లో ఉన్నవారు అక్కడి ఆసుపత్రి వేళలు కూడా తెలుసుకోండి.

చేయకూడనివి

ముందుగా మందుల సంగతి. ప్రేమ కొద్దీ జరిగే హాని ఎక్కువ ఇక్కడే.

• పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకండి. డోలో, క్రోసిన్, పేరేదైనా సరే, సగం ముక్క కూడా వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చంపగలదు.

• కుక్కకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు పాడవుతాయి.

• కుక్కల పిడుదుల మందు పిల్లికి రాయకండి. పర్మెత్రిన్ ఉన్న చుక్కలు పడితే పిల్లి వణికి, ఫిట్స్‌తో చనిపోవచ్చు. కుక్కకు రాసినా, అది ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.

• పశువుల ఐవర్‌మెక్టిన్ సూది కొని మీరే వేయకండి. ఆవు మోతాదు కుక్కకు విషం. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ మందు సరిపడదు.

• పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ వాడకండి.

• గజ్జికీ పిడుదులకూ కిరోసిన్, పెట్రోలు, కాలిన ఇంజను ఆయిల్ పూయకండి. చర్మం కాలుతుంది, నాకితే లోపలికి పోతుంది.

• పుండులో పురుగులు పడితే పెట్రోలు, ఫినాయిల్, పురుగుమందు పోయకండి. పైన రెండు మూడు పురుగులు కనిపిస్తాయి, కింద కండలో వేళ్లంత లోతుగా సొరంగాలుంటాయి. డాక్టరు మత్తిచ్చి ఒక్కొక్కటీ తీయాల్సిన పని అది.

• పిల్లి తిరిగే ఇంట్లో ఫినాయిల్‌తో నేల తుడవకండి. పాదాలు నాక్కుంటుంది.

• ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపిన అన్నం పెట్టకండి. అవి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి, వండినా విషం పోదు.

• కిస్‌మిస్ ఉన్న పాయసం, కేకు, ద్రాక్షపళ్లు కుక్కకు పెట్టకండి. కిడ్నీలు దెబ్బతింటాయి. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్ కూడా అందనివ్వకండి.

• బిర్యానీ ఎముకలు వేయకండి. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది.

• మామిడి టెంక, మొక్కజొన్న కంకి దొరకనివ్వకండి. పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే.

• పిల్లిని పెరుగన్నంతో పెంచకండి. మాంసంలో దొరికే టారిన్ లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి.

• లిల్లీ జాతి పూల బొకే ఇంట్లోకి తేకండి. పుప్పొడి నాకినా, కుండీలో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పోతాయి.

• పూలదండ దారం, కుట్టుదారం, మాంజా నేల మీద వదలకండి. పిల్లి నాలుక మీది ముళ్లవల్ల నోట్లో పడిన దారం వెనక్కి రాదు, మింగుతుంది.

• నోట్లోంచిగాని, మలద్వారంలోంచిగాని దారం వేలాడుతుంటే లాగకండి. లోపల పేగు కోసుకుపోతుంది. కదిలించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• వడదెబ్బ తగిలినదాన్ని ఐసునీళ్లలో ముంచకండి. తడి తువ్వాలు చుట్టి వదిలేయకండి, వేడి లోపలే నిలుస్తుంది.

• విషం తిన్నదని ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి. కిరోసిన్, యాసిడ్ తాగినప్పుడు అసలే కక్కించకూడదు, పైకి వస్తూ మళ్లీ కాలుస్తాయి.

• ఫిట్స్‌లో ఉన్న కుక్క నోట్లో వేలు, చెంచా పెట్టకండి. అది నాలుక మింగదు, మిమ్మల్ని కరుస్తుంది. స్పృహ లేనిదానికి నీళ్లు, పాలు పోయకండి.

• పాముకాటు చోట తాడు కట్టకండి, కోయకండి.

• కుక్కకాటు మీద కారం, సున్నం, ఆకుపసరు పెట్టకండి. కట్టు బిగించకండి.

• కరిచిన కుక్కను కొట్టి చంపకండి, తరిమేయకండి. 10 రోజులు కనిపెట్టి చూడాలి. అది బతికే ఉందిగా అని మీ టీకా మొదలుపెట్టడం మాత్రం వాయిదా వేయకండి.

• కరిచింది టీకా వేసిన పెంపుడు కుక్కే అని మీరే తేల్చుకోకండి. ఆ మాట డాక్టరు చెప్పాలి.

• ముక్కు తడిగా ఉంది కాబట్టి జ్వరం లేదనుకోకండి. ముక్కు చూసి జ్వరం తెలియదు.

• రెండు రోజులు తినని పిల్లిని “ఆకలేస్తే అదే తింటుంది” అని వదిలేయకండి. ఒళ్లు చేసిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

• ఇంట్లో మూత్రం పోసిందని ముసలి కుక్కను కొట్టకండి. కిడ్నీ జబ్బు కావచ్చు, మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేకపోవచ్చు.

• గర్భిణి ఇంట్లో ఉందని పిల్లిని గెంటేయకండి. ఇసుక తొట్టెను వేరొకరు రోజూ శుభ్రం చేస్తే చాలు. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది.

• దీపావళి రాత్రి కుక్కను ఆరుబయట గొలుసుకు కట్టకండి. బెదిరి లాక్కుని ఉరిపడుతుంది. మత్తు మాత్ర మీ ఇష్టప్రకారం వేయకండి.

• మీ కుక్కకు పనిచేసిన మందు పక్కింటి కుక్కకు చెప్పకండి, వాళ్లు చెప్పింది మీరు వాడకండి.

• రెండో రోజు లేచి తిన్నదని మందు ఆపకండి. పిడుదు జ్వరానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 4 వారాలు రాస్తారు. మధ్యలో ఆపితే జబ్బు లోపల దాగి, నెలల తర్వాత ఎముకమూలుగ మీద పడుతుంది, అప్పుడు మందులకు లొంగడం చాలా కష్టం.