చిన్న ఆదేశం – పెద్ద ప్రయోజనం

తక్కువ అక్షరాలతో ఎక్కువ అర్థాన్ని చెప్పడమే కవికి ఉండవలసిన నేర్పు అని పాల్కురికి సోమనాథుడు భావించాడు. ఆ నేర్పు యంత్రలోకంలోనూ అవసరమే. తెరమీద బొమ్మలు, బొత్తాలు లేకుండా, ఒక్క ఆదేశాన్ని టైపు చేయగానే పని ముగించే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. వీటిని ఆదేశ ఉపకరణాలు అనవచ్చు. శక్తి తక్కువైన కంప్యూటరుకు ఇవే బలం.

1970వ దశకం తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 'యూనిక్స్' వ్యవస్థను పీడీపీ-11 యంత్రంపై నడిపారు. దాని స్మృతి 24 కిలోబైట్లు. అందులో 16 వ్యవస్థకే పోగా ప్రోగ్రాములకు మిగిలినవి 8 మాత్రమే. అంత ఇరుకు చోటులో ప్రతి ఉపకరణమూ చిన్నదిగా ఉండాలి, ఒకే పని చేయాలి. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి నేరుగా అందించే 'పైపు' అనే ఏర్పాటు, డగ్లస్ మెకిల్‌రాయ్ సూచన మేరకు, 1973 నాటికి వచ్చింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి కల్లాలు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఒకరు తాలుకాయ ఏరుతారు, మరొకరు టిక్కీలకు నింపుతారు, ఇంకొకరు మూతి కుడతారు. ఎవరి పని వారిదే. సరుకు మాత్రం ఒకరి నుంచి ఒకరికి సాగిపోతుంది.

మిర్చి యార్డుకు వచ్చిన సరుకు వివరాలు ఒక సాదా ఫైలులో ఉన్నాయనుకుందాం. ఒక్కో వరుసలో ఒక్కో రైతు ఊరు, మిర్చి రకం, టిక్కీల సంఖ్య, క్వింటా ధర ఉంటాయి. 'గ్రెప్' తేజ రకం వరుసలను ఏరుతుంది. 'సార్ట్' వాటిని ధర క్రమంలో పేరుస్తుంది. 'హెడ్' మొదటి పదింటిని చూపుతుంది. మూడింటినీ పైపుతో కలిపితే ఒక్క ఆదేశంతో పని తీరుతుంది. అయితే, అంకెలుగా పోల్చమని చెప్పకపోతే సార్ట్ వాటిని అక్షరాలుగానే చూస్తుంది. 12000 కంటే 9000 పెద్దదని తేలుస్తుంది.

గ్రెప్ ఫైలునంతటినీ స్మృతిలోకి తెచ్చుకోదు. ఒక వరుస చదివి, పరిశీలించి, వదిలి, తరువాతి వరుసకు వెళుతుంది. అందువల్ల ఫైలు పెరిగినా స్మృతి అవసరం పెరగదు. సార్ట్‌కు వరుసలన్నీ చూడక తప్పదు. చోటు చాలనప్పుడు భాగాలుగా పేర్చి, డిస్కుపై దాచి, చివరకు కలుపుతుంది. 1995లో బ్రూస్ పెరెన్స్ రూపొందించిన 'బిజీబాక్స్' ఇటువంటి ఉపకరణాలను అనేకం ఒకే ప్రోగ్రాములో ఇమిడ్చింది. ఒక్క ఫ్లాపీ డిస్కుతో డెబియన్ వ్యవస్థను ప్రారంభించడం దాని తొలి లక్ష్యం.

తెలుగుకూ ఈ మార్గం మేలు చేసింది. 1990వ దశకం తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 'రిట్' అనే ప్రోగ్రామును రచించారు. ఆంగ్ల అక్షరాలతో టైపు చేసిన తెలుగును అది తెలుగు లిపిలోకి మార్చింది.

ఇక మిగిలిన పని మనది. పాత ఉపకరణాలు ఆంగ్ల లిపిని దృష్టిలో ఉంచుకొని పుట్టాయి. 'మిర్చి' అనే పదంలో మనకు కనిపించేవి 'మి', 'ర్చి' అనే రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అవి 6 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. లెక్కలు చెప్పే 'డబ్ల్యూసీ' ఉపకరణం 18 అనో, 6 అనో చెబుతుంది కాని 2 అని చెప్పలేదు. తెలుగు అక్షరాలను సరిగా లెక్కించే చిన్న ఉపకరణం రాయాలంటే హల్లు, గుణింతం, సంయుక్తాక్షరం తెలియాలి. దాని తరువాతి మెట్టు గురులఘువుల గుర్తింపు. సంయుక్తాక్షరానికి ముందున్న 'మి' గురువు, 'ర్చి' లఘువు. ఈ నియమాన్ని యంత్రానికి నేర్పవలసినవారు తెలుగు చదివిన విద్యార్థులే. పాతదని మూలన పెట్టిన కంప్యూటరైనా ఆ పనికి చాలుతుంది.

కఠిన పదాలు – అర్థాలు
స్మృతి : పని జరిగేటప్పుడు యంత్రంలో సమాచారం నిలిచే చోటు
ఇమిడ్చు : తక్కువ చోటులో పట్టేలా చేయు
సంయుక్తాక్షరం : వేర్వేరు హల్లుల కలయికతో ఏర్పడిన అక్షరం
టిక్కీ : మిర్చి నింపే బస్తా

ప్రశ్నలు
1. మిర్చి కల్లానికీ ఆదేశ ఉపకరణాలకూ గల పోలికను వివరించండి.
2. ఫైలు పెరిగినా గ్రెప్‌కు ఎక్కువ స్మృతి ఎందుకు అవసరం కాదు?
3. తెలుగు అక్షరాలను లెక్కించడంలో పాత ఉపకరణాలకు గల ఇబ్బంది ఏమిటి?
4. సంధి విడదీసి పేరు రాయండి : సంయుక్తాక్షరం, విద్యాలయం.
5. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు చెప్పండి : గురులఘువులు, మూడు బైట్లు.