జపాన్ రైలు పాస్ కొనాలా?

ప్రశ్న: వేసవిలో మేమిద్దరం ఎనిమిదేళ్ల బాబుతో జపాన్ వెళ్తున్నాం. టోక్యో, క్యోటో, ఒసాకా చూడాలి. ఏడు రోజుల రైలు పాస్ తీసుకోమంటున్నారు. లాభమేనా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీకు వద్దమ్మా. ఆ సలహాకు కాలం చెల్లింది. 2023 అక్టోబరులో ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఏకంగా 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్ సుమారు 14,000 యెన్లు. రానూపోనూ కలిపినా పాస్ ధరకు చాలా దూరం. పైగా, ఆ మార్గంలో అన్నిటికంటే వేగంగా వెళ్లే నొజోమి రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాల్సిందే.

అసలు ఆదా విమాన టికెట్ దగ్గరుంది. టోక్యోలో దిగి, తిరుగు ప్రయాణం ఒసాకా నుంచి ఉండేలా బుక్ చేసుకోండి. వెనక్కి వచ్చే రైలు ఖర్చే ఉండదు. విమాన ఛార్జీ కాస్త ఎక్కువైనా, తేడా ఆ 14,000 లోపుంటే మీకు మిగులే.

క్యోటో నుంచి ఒసాకాకు మామూలు జేఆర్ రైలు అరగంటలో చేరుస్తుంది; అక్కడ షింకన్‌సెన్ దండగ. బాబుకు సగం ఛార్జీయే. కానీ పిల్లల సుయికా కార్డును (ఛార్జీలు చెల్లించే ప్రీపెయిడ్ కార్డు) స్టేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి తీసుకోవాలి. పెద్దల కార్డు వాడితే పూర్తి ఛార్జీ పడుతుంది. టోక్యో నుంచి క్యోటోకు రాత్రి బస్సులు ఇంకా చౌక, అయితే పిల్లాడితో ఆ అవస్థ ఎందుకు?