జనవాక్యం – ఒక పరిశీలన

‘జనవాక్యం కర్తవ్యం’ అన్నది మన పెద్దల నానుడి. పదిమంది ఏది మేలన్నారో దానిని ఆచరించుటయే తగినదని దీని తాత్పర్యం. ఆధునిక రాజనీతిలో ఈ నానుడికి శాసనరూపం ఇచ్చినదే రెఫరెండం. దీనిని తెలుగులో ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నాము గాని, ఈ మాట సరిపోయినట్లు నాకు తోచదు. ఒక పరిశ్రమకో, రేవుకో ముందు అధికారులు సభ జరిపి గ్రామస్థుల మాటలు వ్రాసికొనుటను కూడ ఇదే పేరుతో పిలుస్తున్నారు. అక్కడ అభిప్రాయం వినబడుతుంది, లెక్కింపబడదు. రెఫరెండంలో లెక్కయే సర్వస్వం. కనుక ఈ వ్యాసంలో దీనిని జనవాక్యమనియే వ్యవహరిస్తాను.

మన రాజ్యాంగంలో శాసనాలను నేరుగా ప్రజల ఓటుకు పెట్టే పద్ధతి లేదు. గోవా భవితవ్యంపై 1967 జనవరి 16న ఓటింగు జరిగింది గాని, అది ప్రాంతానికి సంబంధించినది. రాజ్యాంగపు మూలస్వభావాన్ని మార్చే సవరణలకు జనవాక్యం కావాలని 1978లో జనతా ప్రభుత్వం ప్రతిపాదించగా, లోక్‌సభ అంగీకరించినా రాజ్యసభ త్రోసిపుచ్చింది.

అమెరికాలో, మన కృష్ణాజిల్లా బిడ్డలు అనేకులు స్థిరపడిన కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఈ పద్ధతి నిత్యకృత్యం. 2008 నవంబరు 4న అక్కడి ఓటర్ల ముందు ఉంచిన ప్రతిపాదనలలో రెండింటిని విద్యార్థులు గమనింపదగును. గ్రుడ్లుపెట్టే కోళ్లు, దూడలు, చూలు పందులు కనీసం లేచి నిలబడి, ఇటునటు తిరుగుటకైనా వీలులేని ఇరుకు పంజరాలలో ఉంచరాదన్నది ఒకటి. స్త్రీపురుషుల మధ్య జరిగినదే వివాహమన్నది రెండవది. స్వలింగ దంపతుల వివాహహక్కును ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అదే ఏడు మే నెలలో గుర్తించగా, దానిని రద్దుచేయుటకు వచ్చినదే ఈ రెండవ ప్రతిపాదన. మొదటిదానికి నూటికి 63, రెండవదానికి 52 వంతున ఓట్లు వచ్చి, రెండూ నెగ్గాయి. కూడికతో చూచినచో నూటికి ఇంచుమించు పదిహేనుగురైనా రెండింటికీ ‘సరే’ అన్నవారై ఉండాలి. కోడిపెట్టకు రెక్క చాచుకొనే చోటిచ్చిన చేయియే తోటి మనిషి హక్కును తీసివేసిందన్నమాట.

కోళ్ల విషయంలో జనవాక్యం మెచ్చదగినదేనని తొలుత నాకు తోచింది. కాని చరిత్ర తిరగవేయగా ఆ సంతోషం నిలువలేదు. స్విట్జర్లాండులో ప్రజలే శాసనాన్ని ప్రతిపాదించే హక్కు 1891లో వచ్చింది. ఆ హక్కుతో నెగ్గిన మొట్టమొదటి ప్రతిపాదన, 1893 ఆగస్టు 20 నాటిది, జంతువును ముందుగా స్పృహ తప్పించక వధింపరాదన్నది. పేరు భూతదయ, తగిలిన దెబ్బ గుప్పెడుమంది యూదులకు. ఆ నిషేధం నేటికీ ఉన్నది. అక్కడికి తరువాత చేరిన ముస్లింలకూ వర్తిస్తున్నది. స్పృహ తప్పించుట వలన బాధ తగ్గునా అన్నది శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చవలసిన న్యాయమైన ప్రశ్నయే. కత్తిని పదునుచేసికొని, జంతువుకు యాతన లేకుండ చూడుమన్నది మన ప్రవక్తవారి బోధ కూడ. కాని 2009లో మీనార్లు కట్టరాదని నూటికి 57 మంది తీర్పునిచ్చిన ఆ దేశప్రజలే, 2022లో పారిశ్రామిక పశుపోషణను మాన్పించే ప్రతిపాదనను నూటికి 63 మంది వంతున తిరస్కరించారు. అన్యుల కంచంలోని మాంసంపై కలిగిన దయ తమ కంచం వరకు రాలేదు.

ఇంత దూరం పోనేల? మన డెల్టానే తీసికొందము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం జంతువులను పోరాటాలకు పురికొల్పుటను నిషేధించింది. మతాచారం ప్రకారం వధించుటను మాత్రం నేరం కాదన్నది. కోడిపందేలను అరికట్టవలెనని 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. అయినను గుడివాడ మొదలు దివిసీమ దాక సంక్రాంతికి బరులు వెలయుట ఎవరెరుగనిది? సవర్ణదీర్ఘసంధికి ఉదాహరణ చెప్పలేని విద్యార్థి కూడ డేగకు, కాకికి, నెమలికి, పర్లకు భేదం తడుముకోకుండ చెప్పగలడు. గుడ్లవల్లేరులో ఓటుపెట్టె పెట్టి ‘కత్తి కట్టవచ్చునా?’ అని అడిగినచో ఫలితం చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. కోడికి ఓటు లేదు గదా!

స్వలింగ వివాహ విషయంలో మన న్యాయస్థానానికి చేరిన ముఖ్యమైన వ్యాజ్యం హైదరాబాదు నివాసులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లది. విచారణ సాగుతుండగా 2023 ఏప్రిల్‌లో భారత బార్ కౌన్సిల్, దేశంలో నూటికి 99.9 మంది దీనికి వ్యతిరేకులని తీర్మానించింది. ఏ ఓటుపెట్టె తెరచి లెక్కించారో! అక్టోబరు 17న సుప్రీంకోర్టు, వివాహం ప్రాథమిక హక్కు కాదని, నిర్ణయం శాసనసభలదేనని చెప్పింది.

ఇస్లాం అటువంటి వివాహాన్ని అంగీకరింపదు. నా విశ్వాసమూ అదే. దాచవలసిన పని లేదు. కాని నికా ఏదో మతం చెప్పుట వేరు. ఆసుపత్రిలో ఎవరి సంతకం చెల్లవలెనో, చనిపోయినవాని ఆస్తి ఎవరికి చెందవలెనో రాజ్యం చెప్పుట వేరు. ఈ రెండవదానిని అధికసంఖ్యాకుల ఇష్టానికి వదలుటకు నాకు మనసొప్పదు. నేడు వారి ఇంటిని కొలిచిన కొలబద్దతోనే రేపు మన మీనారును కొలుస్తారు. రాజ్యాంగ నైతికత పుట్టుకతో వచ్చేది కాదని, అలవరచుకోవలసినదని డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ పరిషత్తులో చెప్పినది 1948 నవంబరు 4న. కాలిఫోర్నియా ఓటుకు సరిగ్గా అరవై ఏండ్ల ముందు!

అక్కడి నిషేధాన్ని 2010లో న్యాయస్థానం కొట్టివేయగా, 2013 జూన్‌లో వివాహాలు తిరిగి ఆరంభమైనవి. 2024 నవంబరులో అదే రాష్ట్ర ప్రజలు, నూటికి దాదాపు 63 మంది, తాము వ్రాసిన వాక్యాన్ని తామే రాజ్యాంగం నుండి చెరిపివేశారు.