పదేళ్ల పాప కనిపెట్టిన సూపర్‌నోవా



2011 జనవరి 2న కెనడాలో కేథరిన్ గ్రే అనే పదేళ్ల అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని గెలాక్సీల ఫొటోలు చూస్తోంది. యూజీసీ 3378 అనే గెలాక్సీ కొత్త ఫొటోలో, పాత ఫొటోలో లేని చిన్న చుక్క ఒకటి కనిపించింది. అది దాదాపు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిపోయిన నక్షత్రం! దానికి ఎస్‌ఎన్ 2010ఎల్‌టీ అని పేరు పెట్టారు.

సూపర్‌నోవా అంటే ఏమిటి?

సూర్యుడి కంటే సుమారు ఎనిమిది రెట్లకు మించి బరువున్న నక్షత్రంలో ఇంధనం అయిపోతే, దాని నడిమి భాగం కుప్పకూలి నక్షత్రం పేలిపోతుంది. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కున్న శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు కూడా పేలుతాయి. మన పాలపుంత లాంటి గెలాక్సీలో ఇలాంటివి వందేళ్లకు ఒకటో రెండో జరుగుతాయి. అందుకే ఔత్సాహికులు ఒక్కదాన్నే కాకుండా వందల గెలాక్సీలను మళ్లీ మళ్లీ చూస్తారు.

చుక్క కనిపిస్తే చాలదు

కేథరిన్ తండ్రి అది గ్రహశకలం కాదని, ఇదివరకే నమోదైన సూపర్‌నోవా కాదని సరిచూశారు. ఇతర పరిశీలకులు కూడా చూసి ధ్రువీకరించారు. మీ పిల్లలు నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఇదే: ముందు పోల్చాలి, తర్వాత అనుమానించాలి, ఆపైనే చెప్పాలి.

మన దగ్గర కూడా ఈ ఆసక్తి కొత్త కాదు. హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో మొదలైందే.

ఇంట్లో చేయించండి

టెలిస్కోప్ కొనక్కర్లేదు. పాన్‌గల్ లాంటి ఊళ్లలో వీధిదీపాలకు దూరంగా ఉన్న డాబా చాలు. ఆరుద్ర కార్తె మీకు తెలుసు. ఆ రోజుల్లో సూర్యుడు ఆరుద్ర నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి అది రాత్రి కనిపించదు. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఎర్రగా మెరుస్తూ స్పష్టంగా కనిపిస్తుంది. ఏదో ఒక రోజు సూపర్‌నోవాగా పేలబోయే నక్షత్రం అది. ఆ రోజు రేపే కావచ్చు, లక్ష ఏళ్ల తర్వాతా కావచ్చు.

1. వారానికోసారి ఆరుద్రను, చుట్టూ ఉన్న చుక్కలను నోటుబుక్కులో గీయించండి.
2. పక్కనున్న ఏ చుక్క కంటే వెలుగు ఎక్కువో, తక్కువో తేదీతో రాయించండి.
3. నెలాఖరున పేజీలు పక్కపక్కన పెట్టి పోల్చమనండి.

2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి వరకు ఆరుద్ర మామూలు కంటికే తెలిసేంతగా మసకబారింది. ముందు నుంచీ చూస్తున్నవాళ్లే ఆ తేడా పట్టగలిగారు. కేథరిన్ పక్కన తండ్రి కూర్చున్నట్టే, వారానికి పావుగంట మీరూ పిల్లల పక్కన కూర్చోండి.