ఉపగ్రహ పటమును రైతు చదువుట ఎట్లు?

నేలను కొలిచి పటము గీయుట మన రైతులకు క్రొత్త విషయము కాదు. గ్రామ నక్షా, టిప్పన్, పహాణీ మన తాతల నాటి నుండి వాడుకలో నున్నవే. అయితే ఆ కాగితములు చాల కాలము కచేరీ బీరువాలలోనే ఉండెడివి. నేడా స్థితి మారినది. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములు తీసిన మన పొలముల చిత్రములను సెల్‌ఫోనులోనే, పైకము చెల్లించకుండ చూడవచ్చును.

సౌకర్యము పెరిగిన కొలది పొరపాటునకు కూడ దారి పెరిగినది. రంగుల పటములో తన ఊరు మంచి రంగులో నున్నదని బోరు వేయించి అప్పుల పాలగుట, ఫోనులోని గీతను నమ్మి హద్దురాయి కదిపి కోర్టుల చుట్టు తిరుగుట వంటి కష్టములు పటమును సరిగా చదువకపోవుట వలన వచ్చును. కావున ఏ పటమును చూచినను రైతు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎంత సూక్ష్మముగా చూచినది? ఏ తేదీన చూచినది? ఏ పని కొరకు తయారైనది? ఈ మూడింటిని మన పొలముల లెక్కలోనే ఈ క్రింద వివరించుచున్నాము.

మన ముంగిట పెరిగిన విద్య

మన దేశములో ఈ విద్య మొదట పైరు కొరకే ప్రయోగింపబడినది. 1970 ప్రాంతమున కేరళలో కొబ్బరి తోటలకు వేరు తెగులు సోకగా, ప్రొఫెసర్ పిషారోటి గారి ఆధ్వర్యమున హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముతో తోటలను ఫొటోలు తీసి, తెగులు సోకిన చెట్లను గుర్తించు ప్రయత్నము చేసిరి.

ఆ పిమ్మట 1974లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ అను సంస్థ ఏర్పడి, సికింద్రాబాదులో పని ఆరంభించినది. 1979లో షాద్‌నగర్ వద్ద ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొను కేంద్రము నెలకొన్నది. తొలి దినములలో అచ్చట అందుకొన్నవి అమెరికా వారి లాండ్‌శాట్ చిత్రములు. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహము ఎగిరిన తరువాత మనకు స్వంత చిత్రములు లభించినవి. 2008లో ఈ సంస్థ ఇస్రోలో చేరి, ఎన్.ఆర్.ఎస్.సి. అను పేర బాలానగరు నుండి పని చేయుచున్నది.

పటములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుట మెల్లమెల్లగా జరిగినది. 2009 ఆగస్టు 12న ‘భువన్’ అను పటముల వేదిక ఆరంభమైనది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వము పటముల తయారీపై నున్న పాత ముందస్తు అనుమతుల పద్ధతిని చాల వరకు తొలగించినది. 2023 నాటి భారత అంతరిక్ష విధానము ప్రకారము 5 మీటర్లు, అంతకన్న ముతకైన చిత్రములు అందరికిని ఉచితము. ఎన్.ఆర్.ఎస్.సి. వారి ‘భూనిధి’ నుండి వీటిని పొందవచ్చును. ఐరోపా వారి సెంటినెల్ ఉపగ్రహముల చిత్రములు కూడ ఉచితమే. వాటిని ‘కోపర్నికస్ బ్రౌజర్’లో చూడవచ్చును.

మొదటి ప్రశ్న: ఎంత సూక్ష్మము?

ఉపగ్రహ చిత్రము నేత బట్ట వంటిది. దగ్గరగా చూచిన చిన్న చిన్న చదరపు గడులే కనిపించును. వీటిని పిక్సెళ్లందురు. ఒక గడిలో ఎన్ని మొక్కలున్నను ఉపగ్రహము వాటి నన్నింటిని కలిపి ఒకే రంగుగా చూపును. ఆ గడి కన్న చిన్నదానిని అది వేరుపరచి చూపలేదు.

ఈ గడులను మన గుంటల లెక్కలోనికి మార్చిన సంగతి సులభముగా తెలియును. గుంట యనగా 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల నేల. 40 గుంటలు ఒక ఎకరము. సెంటినెల్-2 ఉపగ్రహపు గడి 10 మీటర్ల చదరము, అనగా సుమారు 33 అడుగులే. కావున దాని గడి ఒక్కొక్కటి ఒక గుంటయని గుర్తుంచుకొనవచ్చును. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహములలోని లిస్-4 కెమెరా గడులు మూడు కలిసిన ఒక గుంట యగును. లిస్-3 కెమెరా గడి ఒక్కటే అయిదున్నర గుంటలు. ఏవిఫ్స్ కెమెరా గడి 31 గుంటలు. ఈ చివరిది జిల్లాలో వరి ఎంత మేర నాటిరో అంచనా వేయుటకు మంచిది. ఒక రైతు చేనును చూచుటకు పనికిరాదు.

మరియొక సంగతి. గట్టు మీది గడులలో సగము మీ చేను, సగము పక్క చేను లేక తుమ్మచెట్టు నీడ ఉండును. ఎకరము చేనులో చుట్టు గడులను తీసివేయగా, నమ్మదగినవి లోపల సుమారు పాతిక గడులు మాత్రమే. పది గుంటల మడికి ఈ చిత్రములతో తీర్పు చెప్పబూనుట తగదు.

పచ్చదనమును కొలుచుట

ఆరోగ్యముగల ఆకు ఎఱుపు వెలుగును పీల్చుకొని, మన కంటికి కనబడని పరారుణ వెలుగును ఎక్కువగా తిరుగగొట్టును. ఆకు వాడిన, పల్చబడిన, ఈ తేడా తగ్గును. ఈ తేడాను లెక్కించు సూచికను ఎన్.డి.వి.ఐ. అందురు. పరారుణములో నుండి ఎఱుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తముతో భాగించవలెను. ఒక గడి నూటికి 40 పాళ్లు పరారుణమును, 10 పాళ్లు ఎఱుపును తిరుగగొట్టినచో, 30ని 50తో భాగింపగా 0.6 వచ్చును. వేరొక గడిలో అవి 30, 20 అయినచో, 10ని 50తో భాగింపగా 0.2 మాత్రమే వచ్చును. మొదటిది దట్టమైన పైరు, రెండవది పల్చని పైరు లేక దాదాపు ఖాళీ నేల.

అయితే ఈ అంకె జబ్బు పేరు చెప్పదు. నత్రజని చాలకున్నను, నీరు నిలిచినను, వేరుపురుగు పట్టినను అంకె తగ్గును. తుంగ, గరిక ఏపుగా పెరిగినచోట అంకె పెరుగును గాని అది పంట కాదు. ఎక్కడ చూడవలెనో చిత్రము చెప్పును. ఏమైనదో మొక్కను పెరికి, వేరును చూచి మీరే తెలిసికొనవలెను. చిత్రము చూచినంతనే యూరియా చల్లరాదు.

రెండవ ప్రశ్న: ఏ తేదీ?

ఫోనులో సాధారణముగా కనబడు దారుల పటము మీది ఫొటో నేటిది కాదు. అది కొన్ని నెలల క్రిందటిదో, కొన్నేండ్ల క్రిందటిదో కావచ్చును. పక్కపక్క ఊళ్లే వేరు వేరు తేదీలలో తీసినవై యుండవచ్చును. అందులో కుంట నిండుగా కనిపించినదని యాసంగికి నారు పోయరాదు.

సెంటినెల్-2 వంటి ఉపగ్రహములు అయిదు రోజుల కొకసారి మన మీదుగా పోవును. ప్రతి చిత్రమునకు తేదీ ఉండును. కాని వానాకాలములో మబ్బు అడ్డమువచ్చును. పత్తి, కంది, మొక్కజొన్న ఎదుగు జూలై, ఆగస్టు నెలలలోనే మనకు చిత్రములు తక్కువ. మబ్బు నీడ పడిన చేను తెగులు సోకినట్లు నల్లగా కనిపించును, మోసపోరాదు. రాడారు ఉపగ్రహములు మబ్బుల గుండా చూడగలవు. 2022 ఫిబ్రవరి 14న మన దేశము పంపిన ఇ.ఓ.ఎస్.-04 అట్టిది. దమ్ము చేసి నీరు నిలిపిన మడి రాడారు చిత్రములో నల్లగా ఉండి, వరి ఎదిగిన కొలది తెల్లబడుచు వచ్చును. మబ్బుల మాసములలో వరి విస్తీర్ణమును లెక్కించుటకు ఈ గుణమే ఆధారము.

పోల్చునపుడు సమానమైన వాటినే పోల్చవలెను. జూన్ మొదట విత్తిన పత్తిని జూలైలో విత్తిన పత్తితో పోల్చి, రెండవది చెడినదనుట న్యాయము కాదు.

మూడవ ప్రశ్న: ఏ పని కొరకు?

బోరు వేయదలచిన రైతులు ఈ భాగమును నిదానముగా చదువవలెను. భువన్‌లో భూగర్భజల అవకాశములను చూపు పటములు కలవు. ఇవి తాగునీటి పథకముల కొరకు 1:50,000 ప్రమాణములో తయారైనవి. అనగా పటముపై ఒక సెంటీమీటరు నేలపై 500 మీటర్లు. ఒక మిల్లీమీటరు 50 మీటర్లు. రెండెకరముల చదరపు చేను ప్రక్క కొలత 90 మీటర్లు. పటము మీద అది రెండు మిల్లీమీటర్లు కూడ లేదు. పెన్సిలు మొన క్రింద మీ చేనంతయు దాగిపోవును! ఫోనులో వేళ్లతో ఎంత పెద్దది చేసినను, గీత లావగును గాని సమాచారము పెరుగదు.

తెలంగాణలో ఎక్కువ నేల గ్రానైటు రాతి నేల. నీరు పైనున్న మెత్తబడిన రాతి పొరలోను, క్రింది రాతి పగుళ్లలోను మాత్రమే ఉండును. పగులు నుండి కొలది మీటర్లు తప్పినను బోరు ఎండిపోవచ్చును. ఈ పటము మీ గ్రామములో ఏ వైపు వెదకుట మేలో చెప్పును. ఏ చోట రంధ్రము వేయవలెనో చెప్పదు. దానికి భూగర్భజల నిపుణునిచే విద్యుత్ నిరోధక పరీక్ష చేయించుట, చుట్టుపక్కల బోర్ల లోతును, వేసవిలో వాటి నీటిని విచారించుట, వాల్టా చట్టము క్రింద కావలసిన అనుమతి పొందుట అవసరము.

ఎత్తుపల్లముల పటము విషయమును ఇట్టిదే. 2005 మే 5న ఎగిరిన కార్టోశాట్-1 చిత్రములతో తయారైన ఎత్తుల పటము 30 మీటర్ల గడులలో ఉచితముగా దొరకును. వాన నీరు ఏ వాగునకు చేరునో, ఊట కుంట ఎచ్చట వీలగునో ఆలోచించుటకు ఇది మంచి సాధనము. కాని ఎత్తులో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చును గనుక, మడికి మడికి మధ్య వాలును దీనితో నిర్ణయింపరాదు. దానికి నేల మీద లెవెలు పెట్టి కొలువవలసినదే.

గట్టు తగాదాలకు ఇది సాక్ష్యము కాదు

సెల్‌ఫోను జి.పి.ఎస్. ఆరుబయట కూడ సుమారు 5 మీటర్లు అటునిటు చూపును. చెట్ల క్రింద ఇంకను ఎక్కువ. ఎకరము చదరపు చేనులో ఒక ప్రక్క గట్టు 5 మీటర్లు జరిగినట్లు తోచిన, లెక్కలో మూడు గుంటలు తేడా వచ్చును. మూడు గుంటల కొరకు అన్నదమ్ములు పలుకులు మానిన ఇండ్లు ప్రతి ఊరిలో కలవు. ఉపగ్రహ చిత్రము మీద పరచిన సర్వే నంబరు గీతలు కూడ పాత కాగితపు నక్షా నుండి ఎక్కించినవి కావచ్చును. కాగితము సాగుట, ముడుచుకొనుట వలన అవి కొన్ని మీటర్లు తప్పవచ్చును. హద్దు తేల్చవలసినది సర్వేయరు కొలత, రెవిన్యూ రికార్డు. అంతవరకు హద్దురాయిని కదపవద్దు.

ఆచరణ క్రమము

1. చేనులో నిలుచుండి ఫోనులో అక్షాంశ రేఖాంశములను వ్రాసికొనుడు. దశాంశ బిందువు తరువాత అయిదు అంకెలు వ్రాయవలెను. సికింద్రాబాదును 17.44, 78.50 అని రెండంకెలతో వ్రాసిన, ఒక కిలోమీటరు వరకు తేడా ఉండును. నాలుగంకెలతో 11 మీటర్లు, అయిదింటితో ఒక మీటరు వరకు సూచింపవచ్చును. ఫోను పొరపాటు మాత్రము వేరుగా ఉండనే ఉండును.

2. మబ్బు లేని తేదీ చిత్రమును ఎన్నుకొని, పచ్చదనపు సూచికను చూడుడు. అదే పైరు, అదే అదనులో విత్తిన పక్క చేనుతో పోల్చుడు.

3. రెండు మూడు తేదీలలోను ఒకే చోట అంకె తక్కువగా నున్నచో ఆ చోటును కాగితము మీద గుర్తించుడు. ఒక్క తేదీని చూచి తొందరపడవద్దు.

4. ఆ చోటికి నడచిపోయి మొక్క, వేరు, తేమ, పురుగు పరిశీలించుడు.

5. పంట తీసిన తరువాత బలహీనమైన చోటు నుండి, బాగున్న చోటు నుండి మట్టి నమూనాలను వేరువేరుగా తీయుడు. ఒక్కొక్క భాగములో ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారపు గుంటను ఆరంగుళముల లోతు త్రవ్వి, అంచు నుండి మట్టి గీసి, కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు, అరకిలో మిగిల్చి పరీక్షకు పంపుడు. అంతయు కలిపి ఒకే నమూనా పంపిన చేను లోపము సగటులో దాగిపోవును.

6. ఫోను వాడుక తెలియని వారు ఊరిలో చదువుకొన్న యువకుల సాయము గాని, మీ వ్యవసాయ విస్తరణాధికారి సాయము గాని తీసికొనుడు. చిత్రము చూపుమనియు, దాని తేదీ, ప్రమాణము చెప్పుమనియు అడుగుటకు సంకోచింపవద్దు.

ఉపగ్రహము పొలము మీదుగా క్షణములలో దాటిపోవును. రైతు ఏడాది పొడుగునా అచ్చటనే ఉండును. ఏ వాన కెక్కడ నీరు నిలుచునో, ఏ మూల చౌడు తేలునో రైతుకు తెలిసినంతగా పటమునకు తెలియదు. ఆ ఎరుకకు పటమును జోడించి, తేదీని, ప్రమాణమును, ప్రయోజనమును అడిగి తెలిసికొని పని చేసినచో, ఎండు బోరు ఖర్చును, వ్యర్థమగు ఎరువును, గట్టు తగాదాలను తప్పించుకొనవచ్చును. రాబోవు సాగు కాలమునకు ముందే మీ చేను అంకెలను వ్రాసి పెట్టుకొనుడు.