పాకం ఆయనది, పిండి నాది

అరిసెలు ఒక్క మనిషి చేసే వంట కాదు. పులుసు పెట్టాలన్నా, వేపుడు చెయ్యాలన్నా ఒక్కరు చాలు. మధ్యలో ఎవరైనా తలుపు కొడితే మంట తగ్గించి వెళ్లి రావచ్చు. అరిసెల దగ్గర ఆ వెసులుబాటు లేదు. పాకం కుదిరిన క్షణాన ఒకరు పిండి వెయ్యాలి, ఇంకొకరు ఆగకుండా కలపాలి. ఆ తర్వాత ఒకరు తట్టి నూనెలో వేస్తుంటే ఇంకొకరు తీసి నొక్కాలి. అందుకే పల్లెల్లో సంక్రాంతి ముందు అరిసెలు వండే రోజంటే నలుగురు ఆడవాళ్లు ఒక ఇంట్లో చేరే రోజు. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. వదినలు, పిన్నులు, పక్కింటి అత్తయ్య, ఎవరి పని ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పాకం చూసే పెద్దావిడ ఒకరుంటారు. ఆవిడ "ఊఁ" అనేదాకా పిండి పళ్లెం ఎవరూ ఎత్తరు.

ఫ్లాట్లలో కాపురాలు పెట్టాక ఆ నలుగురూ చుట్టూ లేరు. ఉన్నది మేమిద్దరమే. అయినా మా ఇంట్లో అరిసెలు మానలేదంటే మా ఆయన వంటింట్లోకి రావడమే కారణం. తెలిసినవాళ్లలో చాలామంది "ఒక్కదాన్ని ఏం చేస్తాలే" అనుకుని మిఠాయి కొట్లో కొనేసుకుంటున్నారు. ఒక్కరే చెయ్యమని ఎవరన్నారు? ఆలుమగలిద్దరూ కూడితే అర కిలో బియ్యం అరిసెలు ఒక పూటలో అయిపోతాయి. ఎలాగో మొదటినుంచి చెబుతాను.

ముందు బియ్యం. సోనామసూరి లాంటి సన్నబియ్యం కన్నా ముతక బియ్యం మంచిది. తెలంగాణలో దొడ్డు బియ్యం అంటారు, అవే. ఇదివరకు ఈ పనికి రేషన్ బియ్యం తీసి ఉంచుకునేవాళ్లు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి అక్కడివాళ్లు కిరాణా కొట్లో అడిగి తెచ్చుకోవాలి. ఉప్పుడు బియ్యం మాత్రం వద్దు. అర కిలో బియ్యం రెండు మూడుసార్లు కడిగి, నిండా నీళ్లు పోసి ఒక పగలూ ఒక రాత్రీ నాననివ్వాలి. మధ్యలో రెండుసార్లయినా నీళ్లు మార్చాలి, లేకపోతే పిండికి పులిసిన వాసన పడుతుంది. ఆదివారం వండాలంటే శనివారం పొద్దున్నే నానబొయ్యాలన్నమాట. ఆ నీళ్లు మార్చే పని రాత్రి పడుకోబోయే ముందు మా ఆయన చేస్తారు. నేను గుర్తు చెయ్యక్కర్లేదు.

మర్నాడు బియ్యం చిల్లుల గిన్నెలోకి వంచి, నీళ్లు ఓడ్చాక పల్చటి పంచె మీద నీడపట్టున పరవాలి. పావుగంట, ఇరవై నిమిషాలు. ఎండలో పెట్టకూడదు, ఫ్యాను కింద మరిచిపోకూడదు. గుప్పెడు బియ్యం పట్టుకుని వదిలితే చేతికి నాలుగు గింజలు అంటుకోవాలి, తడి మాత్రం కారకూడదు. అదీ లెక్క. అరిసెల పిండి తడిపిండి కావాలి. పొడిపిండితో చేసినవి గట్టిగా వస్తాయి, లేకపోతే నూనెలో విచ్చిపోతాయి. అందుకే కొట్లో దొరికే బియ్యప్పిండి ప్యాకెట్టు దీనికి పనికిరాదు.

పట్టించడం దగ్గర పట్నంలో ఒక చిక్కుంది. మామూలు పిండిమరలో తడిబియ్యం పట్టరు. సంక్రాంతి రోజుల్లో కొన్ని మరలవాళ్లు తడిపిండికి వేరుగా ఒక యంత్రం నడుపుతారు. అది దగ్గర్లో లేకపోతే మిక్సీయే గతి. గుప్పెళ్లు గుప్పెళ్లుగా వేసి, ఒక్కో వాయి తియ్యగానే జల్లించి, జల్లెడలో మిగిలిన రవ్వని తర్వాతి వాయిలో కలిపెయ్యాలి. మిక్సీ దగ్గర ఒకరు, జల్లెడ దగ్గర ఒకరు కూర్చుంటే అరగంట పని. పట్టిన పిండి గాలికి వదిలితే ఆరిపోతుంది. గిన్నెలో చేత్తో అదిమి, పైన తడిగుడ్డ కప్పి, మూత పెట్టాలి.

బెల్లం విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పసుపు పచ్చగా మెరిసే బెల్లం చూసి మోజు పడకండి. రంగు తేలడానికి హైడ్రోస్ కలిపిన బెల్లం అలాగే ఉంటుంది. కొంచెం ముదురు రంగులో ఉన్న బెల్లమే తీసుకోండి. అనకాపల్లి బెల్లం పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. తెలంగాణలో కామారెడ్డి వైపు బెల్లానికీ మంచి పేరుంది. ఏ ఊరిదైనా ఉప్పదనం లేకుండా, చేత్తో విరిస్తే పెళుసుగా విరగాలి. జిగటగా సాగే బెల్లం పాకానికి సరిగా కుదరదు. అర కిలో బియ్యానికి 350 నుంచి 400 గ్రాముల బెల్లం సరిపోతుంది. అదిగాక రెండు చెంచాల నెయ్యి, ఆరేడు యాలకుల పొడి, దోరగా వేయించిన నువ్వులు రెండు మూడు చెంచాలు, వేయించడానికి నూనె. కొందరు గసగసాలు అద్దుతారు. మా ఇంట్లో నువ్వులే.

ఇక పాకం. అరిసెల ప్రాణమంతా ఇక్కడే ఉంది, అందుకని నిదానంగా చెబుతాను.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. ఇత్తడిదైతే మరీ మంచిది. తరిగిన బెల్లంలో అర గ్లాసు నీళ్లు పోసి కరగనివ్వాలి. కరిగాక దించి తప్పకుండా వడకట్టాలి. ఎంత మంచి బెల్లంలోనైనా ఇసుకో, చెరకు పీచో ఉంటుంది. వడకట్టినదాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి మధ్యరకం మంట మీద మరగనివ్వాలి. మొదట్లో పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. తర్వాత నురగ చిక్కబడి, బుడగలు చిన్నవవుతాయి. పక్కన ఒక పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుని, అప్పటినుంచి పాకం చుక్క అందులో వేసి చూస్తుండాలి.

మొదటి చుక్క నీళ్లలో కరిగిపోతుంది. కాసేపటికి కరగదు గానీ వేలితో కూడదీస్తే జారిపోతుంది. ఇంకాసేపటికి కూడదీస్తే మెత్తటి ఉండ అవుతుంది. నీళ్లలోంచి పైకి తీస్తే ఉండగానే ఉండి, వేళ్ల మధ్య నొక్కితే అణుగుతుంది. అదే అరిసెల పాకం. ఉండని పళ్లేనికేసి కొడితే ఖంగుమందంటే దాటిపోయినట్టే, అది పప్పుండల పాకం. థర్మామీటరుతో చూసేవాళ్లకైతే 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నీళ్లు ఆవిరై పోయినకొద్దీ తీపి చిక్కబడి, వేడి నూరు డిగ్రీలు దాటి పైకి పోతుంటుంది. ఆ నాలుగు డిగ్రీల ఎడం దాటడానికి ఎంతోసేపు పట్టదు. లేతపాకంలో పిండి కలిపితే అరిసె నూనెలో కరిగి చెదిరిపోతుంది. ముదురుపాకమైతే మర్నాటికి పళ్లకు పని చెబుతుంది.

మా ఇంట్లో పాకం చూసేది మా ఆయన. ఆయనకి ఓపిక ఎక్కువ, చెయ్యి కూడా వేడికి తట్టుకుంటుంది. నేను పిండి గిన్నె చంకన పెట్టుకుని పక్కన నిలబడతాను.

"వెయ్యనా అండీ?"

"ఆగు. ఇంకా జారుతోంది."

"ఇప్పుడు?"

"ఆఁ, వెయ్యి!"

ఆ మాట రాగానే మంట బాగా తగ్గించి నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి పిండి చల్లడం మొదలుపెడతాను. ఒకేసారి గుమ్మరించకూడదు, గుప్పెడు గుప్పెడుగా చల్లాలి. ఆయన ఒక చేత్తో గుడ్డతో గిన్నె అంచు బిగించి పట్టుకుని, రెండో చేత్తో చెక్క తెడ్డుతో ఉండ కట్టకుండా తిప్పుతుంటారు. పిండి పడేకొద్దీ తెడ్డు బరువెక్కుతుంది. మన ఇళ్లలో ఇంత బలం అడిగే పని ఇన్నాళ్లూ ఆడవాళ్లకే ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు. మగవాడు పట్టాల్సిన తెడ్డు అది.

ఇక్కడ ఒక కట్టుబాటు పెట్టుకోండి. పాకం దగ్గర ఎవరుంటే వాళ్లదే మాట. "అయిపోయిందేమో, వేసేద్దామా" అని పక్కవాళ్లు తొందరపెట్టకూడదు, "మా అమ్మ ఇలా చేసేది కాదు" అనీ అనకూడదు. రెండు నోళ్లు కలగజేసుకుంటే పాకం చెడుతుంది. పిండి ఎంత పట్టాలన్నది మాత్రం పిండి వేసేవాళ్ల ఇష్టం. పట్టిందంతా పట్టేస్తుందనుకోవద్దు, ఒక గుప్పెడు ఎప్పుడూ వెనక్కి మిగుల్చుకోవాలి. గరిటెతో ఎత్తి వదిలితే ముద్దముద్దగా జారి పడే వరకు చాలు. చల్లారాక అదే గట్టిపడుతుంది. దించి పైన చెంచాడు నెయ్యి రాసి మూత పెడితే చలిమిడి సిద్ధం.

ఈ చలిమిడి మన పెళ్లిళ్లకీ కాపురాలకీ అల్లుకుపోయినది. కాపురానికి వెళ్లే పిల్ల సారెలో, శ్రీమంతంలో, కడుపు చలవ కోరే ప్రతి వేడుకలో ఉంటుంది. నా సారెలోనూ వచ్చింది. అందుకే అరిసెలు తట్టకముందే ఒక ముద్ద చిన్న గిన్నెలో తీసి, వేయించిన కొబ్బరి ముక్కలు కలిపి ఇద్దరం అక్కడే నిలబడి తింటాం. వేడి వేడి చలిమిడి రుచి చేసేవాళ్లకే దక్కుతుంది. ఏ కొట్లోనూ అమ్మరు. పొరుగు రాష్ట్రాలవాళ్లు ఇదే వంటని వేరే పేర్లతో చేస్తారు. తమిళులు అదిరసం అంటారు, కన్నడిగులు కజ్జాయ అంటారు. అదిరసం పిండిని రెండు మూడు రోజులు ఊరనిచ్చి వేయిస్తారు. మనం మాత్రం అదే పూట, గోరువెచ్చగా ఉండగానే పని ముగిస్తాం.

మూకుడులో నూనె మధ్యరకంగా కాగాక ముందు ఒకే ఒక్క చిన్న అరిసె వేసి చూడాలి. అది విచ్చిపోతే మిగుల్చుకున్న పిండిలోంచి రెండు చెంచాలు చలిమిడిలో కలిపి మర్దించండి. గట్టిగా అనిపిస్తే గోరువెచ్చటి పాలు చిలకరించి, నెయ్యి చేత్తో మెదపండి. దారికొచ్చాక అసలు పని.

తట్టడం నాది. నిమ్మకాయంత ఉండ తీసి, నూనె రాసిన అరిటాకు మీద పావు అంగుళం మందాన గుండ్రంగా తట్టి, మెల్లిగా జార్చి నూనెలో వేస్తాను. మొదట అడుగుకి పోతుంది, కాస్సేపటికి తేలి పొంగుతుంది. తేలేదాకా గరిటె పెట్టకూడదు. అక్కడినుంచి ఆయన పని. ఒక్కసారి తిప్పి, రెండో వైపూ ఎర్రగా కాలగానే తీసి, అరిసెల చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు. నూనె ధారగా మూకుట్లోకి దిగిపోతుంది. చల్లారాక నొక్కితే దిగదు, తీసిన వెంటనే నొక్కాలి. బెల్లం పదార్థం కాబట్టి బయటికొచ్చాక కూడా రంగు కాస్త ముదురుతుంది. మీకు కావలసిన రంగుకి ఒక పిసరు ముందే తీసెయ్యండి. మంట పెంచి తొందరపడితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక్కో వాయికి రెండుకు మించి వెయ్యకండి, ఒకదానికొకటి అతుక్కుంటాయి.

అర కిలో బియ్యానికి పాతిక దాకా వస్తాయి. ఆ పాతికా అయ్యేలోపు చేతులు ఖాళీ ఉండవు, టీవీ ఉండదు, ఫోన్లు పక్క గదిలో ఉంటాయి. నోరు మాత్రం ఖాళీ. మామూలు రోజుల్లో ఉద్యోగాల హడావిడిలో మేం మాట్లాడుకునేవి పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు. మూకుడు ముందు అవేవీ రావు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ అరిసెలు దాచిన అటక, మా నాన్న పండక్కి చెరుకు గడలు మోసుకొచ్చిన సైకిలు, పెళ్లయిన కొత్తలో మేమున్న ఒక్క గది ఇల్లు. ఇవన్నీ నేను విన్నది, చెప్పింది మూకుడు దగ్గరే. నాకు పండగంటే ఈ పూటే.

వేయించినవి వేడిగా ఉండగా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, మెత్తబడి అంటుకుపోతాయి. పళ్లెం అంచుకి ఆనించి నిలబెట్టి, పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో పెట్టాలి. రెండు వారాలు ఢోకా ఉండదు. పైన కరకరలాడేది మర్నాటికి సర్దుకుని లోపల మెత్తగా కుదురుతుంది, అసలు రుచి అప్పుడే. పక్కింటికి రెండు, కింద వాచ్‌మన్ ఇంటికి నాలుగు పంపడం మరవకండి. మీ ఇంట్లో తొలి అడుగులు వేస్తున్న పసివాళ్లుంటే సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు. తెలుగువాళ్లు అడుగులకు అరిసెలే పంచుతారు.

కిలోతో మొదలుపెట్టవద్దు, తొలిసారికి అర కిలో చాలు. ఇద్దరికీ సెలవున్న రోజు చూసుకోండి. పాకం ఎవరు చూస్తారో, పిండి ఎవరు వేస్తారో ముందే అనుకుని, ఆ ముందురోజు పొద్దున్నే బియ్యం నానబొయ్యండి.