పాత కారు వెనుక గాలి షాకులు
సామాను నింపగానే పాత కారు వెనుక భాగం క్రుంగుతుంటే గాలి షాక్ అబ్సార్బర్లను పరీక్షించాలి. వీటి పని రెండు విధాలు: సన్నని రంధ్రాల గుండా కదిలే నూనె కుదుపు శక్తిని ఉష్ణంగా మారుస్తుంది, రబ్బరు సంచిలోని గాలి అదనపు భారాన్ని మోస్తుంది. రబ్బరు అణువులలోని ద్విబంధాలను వాతావరణంలోని ఓజోన్ ఛేదించడం వలన క్రమంగా పగుళ్ళు ఏర్పడతాయి. సబ్బునీరు పూస్తే గాలి పోయే చోట బుడగలు వస్తాయి.

మార్చేముందు గాలిని పూర్తిగా తీసివేయాలి. కారు చట్రాన్ని స్టాండ్లపై నిలిపి, ఇరుసుకు జాక్ ఆధారమివ్వాలి. లేనిచో షాక్ ఊడగానే ఇరుసు జారి, చుట్ట స్ప్రింగు ఎగిరి ప్రాణాపాయం కలుగవచ్చు. రెండు వైపులా ఒకేసారి మార్చడం సముచితం.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద నింపిన గాలి 0 డిగ్రీలకు చల్లబడితే, అదే ఘనపరిమాణంలో పరమ పీడనం సుమారు 10 శాతం తగ్గుతుంది. కనుక శీతాకాలారంభంలో పీడనాన్ని మరల సరిచూడాలి.